గ్లాసు అడిగినవాళ్ల పేర్లు



1955లో మన పార్లమెంటు చేసిన ఒక చట్టం హోటల్లో పెట్టిన పాత్రల గురించి కూడా మాట్లాడుతుంది. పదిమంది వాడకానికి ఉంచిన పాత్రను ఫలానా మనిషి ముట్టకూడదని, అంటరానితనం పేరుతో ఎవరైనా అడ్డుపడితే అది నేరమని నాలుగో సెక్షన్ చెబుతుంది. బావి, చెరువు, కుళాయి, స్నానాల రేవు, శ్మశానం, దారి... ఈ వరసలో హోటల్లో తాగే గ్లాసుకూ చోటు దొరికింది. అప్పట్లో ఆ చట్టం పేరు అస్పృశ్యతా నేరాల చట్టం. 1976లో సవరించి పౌర హక్కుల పరిరక్షణ చట్టం అన్నారు. నెలకు తగ్గకుండా 6 నెలల దాకా జైలు, 100 రూపాయల నుంచి 500 దాకా జరిమానా అని శిక్ష పెట్టారు.

డిగ్రీ చివరి సంవత్సరం చరిత్ర ప్రాజెక్టు కోసం ఈ చట్టం చదువుతూ నేను ఆ గ్లాసు దగ్గర ఆగిపోయాను. ఢిల్లీలో కూర్చుని చట్టం రాసేవాళ్లు హోటలు గ్లాసు గురించి రాయాల్సి వచ్చిందంటే, ఎన్ని కొట్ల ముందు ఎంతమంది తలదించుకుని నిలబడి ఉండాలి! వాళ్లలో మా పల్నాడు వాళ్లెవరు? మాకూ అదే గ్లాసు ఇయ్యి అని ముందుగా నోరు తెరిచింది ఎవరు? ఈ ప్రశ్న పట్టుకునే నా ప్రాజెక్టు నడిచింది.

మాది నరసరావుపేటకు దగ్గర్లో ఒక ఊరు. ఊరు అంటున్నాను గానీ మేముండేది పల్లెలో, అంటే ఊరికి విడిగా ఉండే దళితవాడలో. ఆ తేడా ఏమిటో మన వైపు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మా తరగతిలో చాలామంది పల్నాటి యుద్ధం తీసుకున్నారు. ఇద్దరు ముగ్గురు నాగార్జునకొండ తీసుకున్నారు. ఒక స్నేహితురాలు కన్నెగంటి హనుమంతును ఎంచుకుంది. పౌర హక్కులు అని నేను చెప్పగానే, అది అమెరికా చరిత్ర కదా, మార్టిన్ లూథర్ కింగ్ గురించి రాస్తావా అని అడిగారు. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. మా పాఠ్యపుస్తకాల్లో ఆ మాట ఎక్కువగా అక్కడి కథతోనే కనిపిస్తుంది. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరో అనే ఊళ్లో నలుగురు నల్లజాతి విద్యార్థులు ఒక దుకాణంలో తెల్లవాళ్లు మాత్రమే కూర్చునే బల్ల దగ్గర కూర్చుని కాఫీ అడిగారు. ఇవ్వం అన్నారు. వాళ్లు లేవలేదు. మర్నాడు ఇంకొంతమంది వచ్చి కూర్చున్నారు. ఆ జూలైకల్లా అదే బల్ల మీద వాళ్లకు వడ్డించాల్సి వచ్చింది. ఆ నలుగురి పేర్లూ పుస్తకాల్లో ఉన్నాయి. మన పల్నాడు కొట్ల దగ్గర టీ అడిగినవాళ్ల పేర్లు మాత్రం నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

ముందు కాగితాలు వెతికాను. చట్టాల చరిత్ర తేలిగ్గానే దొరికింది. మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1938లోనే, ఎం.సి. రాజా పట్టుదలతో పౌర అనర్హతల తొలగింపు చట్టం వచ్చింది. బావులు, దారులు అందరివీ అని అది చెప్పింది. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభ అంటరానితనాన్ని రద్దు చేసే అధికరణాన్ని ఆమోదించింది. రాజ్యాంగంలో అది పదిహేడోది. పదిహేనో అధికరణం బావులనూ చెరువులనూ పేరు పెట్టి చెప్పింది. అంటే మా నాయనమ్మ పుట్టేటప్పటికే ఊరి బావి మీద ఆమెకు హక్కుంది. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ బావిలో ఆమె ఏనాడూ చేద వెయ్యలేదు.

పత్రికల కోసం వేటపాలెం వెళ్లాను. 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం అక్కడుంది. పాత ఆంధ్రపత్రిక సంపుటాలు, ముట్టుకుంటే పొడిపొడిగా రాలే కాగితాలు. అక్కడివాళ్లు ఎంత ఓపికగా తెచ్చిచ్చారో చెప్పలేను. పల్నాడు అన్న మాట కనపడిన చోటల్లా రాసుకున్నాను. పుల్లరి సత్యాగ్రహం రోజుల పల్నాడు అందులో బాగా కనిపిస్తుంది. 1921లో అడవిలో పశువులు మేపుకున్నందుకు పన్ను కట్టం అని మన రైతులు తిరగబడ్డారు. ఉన్నవ లక్ష్మీనారాయణ గారు ఆ పోరాటంలోనే జైలుకెళ్లి అక్కడే మాలపల్లి నవల రాశారు. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర పోలీసు కాల్పుల్లో హనుమంతు గారు ప్రాణం విడిచారు.

ఆ పోరాటం గురించి చదువుతుంటే ఒక సంగతి నన్ను పట్టుకుని వదల్లేదు. అప్పుడు పల్నాడు ఊళ్లు సర్కారు ఉద్యోగుల మీద వాడిన ఆయుధం సాంఘిక బహిష్కరణ. అడవి శాఖ వాళ్లు ఊళ్లోకి వస్తే ఉప్పు కూడా అమ్మలేదు. చాకలి బట్టలు ఉతకలేదు, మంగలి గడ్డం గీయలేదు. ఆ ఐకమత్యాన్ని మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాల్సిందే. అదే ఆయుధాన్ని తర్వాతి రోజుల్లో ఎవరి మీదికి తిప్పారో కూడా చెప్పుకోవాలి. గ్లాసు అడిగిన పల్లె మీదికి తిప్పారు. కూలికి పిలవలేదు, కొట్లో సరుకు ఇవ్వలేదు, పొలం గట్టు మీద నడవనివ్వలేదు. ఒకే ప్రాంతం, ఒకే ఆయుధం. ఒకసారి దొర మీద, ఇంకోసారి తమ కూలి మనిషి మీద. నా స్నేహితురాలి ప్రాజెక్టూ నా ప్రాజెక్టూ ఇక్కడ కలిశాయి. మేమిద్దరం రాత్రిళ్లు కూర్చుని ఈ సంగతే మాట్లాడుకునేవాళ్లం.

పల్లె గురించి పత్రికల్లో దొరికింది తక్కువ. చర్చిల దగ్గర కొంత దొరుకుతుందేమో చూడమని మా మేడమ్ చెప్పారు. మన గురజాలకు ఈ విషయంలో పాత చరిత్ర ఉంది. 1842లో గుంటూరు వచ్చిన అమెరికా లూథరన్ మిషనరీ హేయర్, 1849లో గురజాల వచ్చి మకాం పెట్టారు. బడి మెట్టు ఎక్కనివ్వని పిల్లలకు పలకా బలపం ముందుగా అందింది ఇలాంటి మిషన్ల దగ్గరే. ఇక వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా గారు పడిన అవమానాలు ఆయన జీవితం చదివినవాళ్లందరికీ తెలుసు. ఆయన కావ్యం గబ్బిలం 1941లో వచ్చింది. నేను పుట్టిన నేలలో ఇంత పెద్ద సాక్ష్యం ఉండగా పల్నాడు పేరు చెబితే కక్షలు, నాటు బాంబులు మాత్రమే గుర్తొస్తాయనేవాళ్ల మీద నాకు నిజంగా కోపం వస్తుంది.

కాగితాలు అయిపోయాక మనుషుల దగ్గరికి వెళ్లాను.

మాచర్లకూ గురజాలకూ మధ్య ఒక ఊరు. పేరు చెప్పను, ఎందుకో తర్వాత చెబుతాను. అక్కడ ఎనభైకి దగ్గరపడుతున్న ఒక తాత ఉన్నాడు. కుర్రతనంలో నాగార్జునసాగర్ కట్టుబడిలో రాళ్లు మోశాడు. 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన ఆ ఆనకట్టను ఎక్కువగా మనుషుల చేతులతోనే కట్టారని మనం చదువుకుంటాం. ఆ చేతుల్లో రెండు ఈయనవి. పని దగ్గర టీ కొట్లో ఎక్కడెక్కడి కూలీలో వచ్చేవాళ్లట. ఎవరు ఏ కులమో అడిగే తీరిక ఎవరికీ లేదు. అందరికీ అవే గ్లాసులు.

"అన్నేళ్లు అక్కడ అట్టా తాగి, ఇంటికొచ్చేతలికి మళ్లీ చూరులో గిలాసు. ఇక తాగబుద్ధి కాలేదమ్మాయ్" అన్నాడు.

చూరులో గ్లాసు సంగతి తెలియని పిల్లలు వింటుంటే వాళ్లకోసం చెబుతాను. టీ కొట్టు పూరిచూరులో పల్లెవాళ్లకని వేరే గ్లాసు దోపి ఉండేది. వచ్చినవాడు దాన్ని తనే తీసుకుని, తనే కడుక్కుని చేతిలో పట్టుకోవాలి. కొట్టువాడు తగలకుండా పైనుంచి పోస్తాడు. కింద కూర్చుని తాగి, మళ్లీ కడిగి చూరులో పెట్టి పోవాలి. డబ్బులు మాత్రం అందరితో సమానం. కొన్ని ఊళ్లలో గ్లాసు కూడా ఉండేది కాదు, కొబ్బరి చిప్ప.

ఒక పొద్దున ఈయన, ఇంకో ముగ్గురు కుర్రాళ్లు వెళ్లి బల్ల మీద కూర్చున్నారు. డబ్బులు ముందే బల్ల మీద పెట్టారు. కొట్టువాడు చూరు వైపు చూపించాడు. మేం ఆ గిలాసులో తాగం అన్నారు. గట్టిగా అరవలేదు, ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు. కొట్టు కట్టేసేదాకా కూర్చుని లేచొచ్చారు. మర్నాడు కొట్టు తియ్యలేదు. ఆ మర్నాటి నుంచి పల్లెలో ఒక్క మనిషిని కూలికి పిలవలేదు.

ఆ ఏడు పల్లె మొత్తం పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పనికి పోయింది. ఆడవాళ్లు పసిపిల్లల్ని చంకనేసుకుని పోయారు. మిరపకాయ కోతలు వచ్చాయి, పత్తి తీతలు వచ్చాయి. చేలో పంట నిలబడిపోతుంటే రైతులే ఒకరి తర్వాత ఒకరు వచ్చి పిలిచారు. అలా బహిష్కరణ ఊడిపోయింది. పోలీసు కేసు లేదు, పంచాయతీ తీర్మానం లేదు, పత్రికలో వార్త లేదు. నేను నెలల తరబడి కాగితాల్లో వెతికినది కాగితాల్లో ఎందుకు లేదో ఆ పూట నాకు అర్థమైంది. 1955 నాటి ఆ చట్టం గురించి మీకప్పుడు తెలుసా తాతా అని అడిగాను. "తెలిసినా స్టేషన్ దాకా ఎవరు పోనిస్తారు?" అన్నాడు.

మరి గ్లాసు ఎప్పుడొచ్చింది అంటే ఆయన చెప్పిన జవాబు ఇది. "మాకు గిలాసు రాలేదమ్మాయ్. కొన్నేళ్లకు ప్లాస్టిక్ గిలాసులొచ్చినయ్. తాగి పారేసేయి. అందరికీ అయ్యే. మమ్మల్ని సమానం చేశామని మాత్రం ఎవరూ అనలేదు."

అదే ఊళ్లో ఒక పెద్దమ్మ బావి కథ చెప్పింది. నాపరాయి నేల కదా, పల్నాడు బావులు లోతు. వేసవిలో నీళ్లు అడుక్కిపోతాయి. పల్లె ఆడవాళ్లు బిందెలు పట్టుకుని దూరంగా నిలబడాలి. ఊరివాళ్లు తోడుకున్నాక ఎవరికైనా దయపుడితే పైనుంచి పోస్తారు. పొద్దున నిలబడితే ఎండెక్కేదాకా నిలబడిన రోజులున్నాయి. తర్వాత ప్రభుత్వం పల్లెలో చేతిపంపు వేసింది. మంచిదే కదా పెద్దమ్మా అన్నాను. "నీళ్లొచ్చినయ్. బావి మాత్రం మాది కాలా" అంది ఆమె.

ఈ మాట విన్నాకే కారంచేడు నాకు సరిగ్గా అర్థమైంది. 1985 జూలై 16న అక్కడ గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర. నీళ్లు పాడుచేస్తున్నవాళ్లు, అదేమిటని అడిగిన కుర్రాడి మీదికి వస్తే మున్నంగి సువార్త గారు బిందె ఎత్తి అడ్డుకున్నారు. మర్నాడు ఆరుగురు దళితులను చంపారు. ఆ సెప్టెంబరు 1న చీరాలలో దళిత మహాసభ పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. దానికి ముందు అక్కడ సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ ఉంది. ఆ తర్వాత వారాల తరబడి సాగిన సాంఘిక బహిష్కరణ ఉంది. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఈ రెండు ఊళ్ల ఘటనల మధ్య కాలంలోనే 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 2015 సవరణలో సాంఘిక బహిష్కరణను అందులో నేరంగా చేర్చారు. తాత పల్లె సున్నపు బట్టీలకు నడిచిపోయిన ఏడు ఆ మాట చట్టంలో ఉండి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను గానీ, ఆ మాట చట్టంలోకి రావడానికి వెనకాల అలాంటి పల్లెలు చాలా ఉన్నాయని చెప్పగలను.

కాలేజీలో ప్రాజెక్టు వినిపించే రోజు వచ్చింది. చార్టులు అతికించాను. తాత గొంతూ పెద్దమ్మ గొంతూ ఫోన్లో రికార్డు చేసినవి స్పీకర్లో వినిపించాను. తరగతి నిశ్శబ్దంగా వింది. అయ్యాక ఒక కుర్రాడు లేచి, మన పల్నాడులో పన్నెండో శతాబ్దంలోనే చాపకూడు ఉంది కదా, బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టాడు కదా, మాల కన్నమదాసును సేనానిని చేశాడు కదా, మరి నువ్వు మన ప్రాంతాన్ని ఇలా చూపిస్తావేం అని అడిగాడు.

మంచి ప్రశ్న అడిగాడని ఇప్పటికీ అనుకుంటాను. కారంపూడిలో కార్తీకంలో వీరుల ఉత్సవాలకు నేనూ వెళ్లాను, చాపకూడు తిన్నాను. ఆ జ్ఞాపకం మనకు ఉండడం గొప్ప. నేను అతనికి చెప్పింది ఒకటే. చాపకూడు ఏటా ఒక రోజు. టీ కొట్టు రోజూ. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఒక చాప పరిచిన నేల మీద రెండో గ్లాసు ఎలా వచ్చిందో అడగడం ఆ చాపను తక్కువ చెయ్యడం కాదు. బ్రహ్మనాయుడి మీద గౌరవం ఉన్నవాళ్లే ముందుగా అడగాల్సిన ప్రశ్న అది.

తరగతి అయ్యాక ఇంకో కుర్రాడు వచ్చాడు. మా తాతది కూడా టీ కొట్టే, అడగనా అన్నాడు. అడిగి రాసుకొచ్చాడు. రెండు గ్లాసులు పెట్టానని ఆ తాత ఒప్పుకున్నాడట. ఒకే గ్లాసు పెడితే ఊరివాళ్లు కొట్టుకు రావడం మానేస్తారని భయపడ్డాడట, వాళ్లలో ఒకాయనకు అప్పు కూడా ఉన్నాడట. నా ప్రాజెక్టులో ఆ పేజీ చాలా విలువైనది. అడిగినవాళ్ల మాట మాత్రమే ఉన్న చోట ఇవ్వనివాళ్ల మాట కూడా చేరింది. తన ఇంటి సంగతిని తనే తెచ్చిచ్చిన ఆ కుర్రాడి ధైర్యం కూడా అందులో ఉంది.

ఆ తర్వాత తాత ఊళ్లో వినిపించాను. నెలాఖరున మండలంలో ఏదో ఒక ఊళ్లో సివిల్ రైట్స్ డే జరుపుతారు, తహసీల్దారు గారు, ఎస్సై గారు వచ్చి చట్టాల గురించి చెబుతారు. ఆ నెల ఆ ఊరి వంతు వచ్చింది. అధికారులు మాట్లాడాక నాకు మైకు ఇచ్చారు. కాలేజీలో ఎంత తేలిగ్గా మాట్లాడానో ఇక్కడ అంత కష్టమైంది. నేను ఎవరి గురించి చెబుతున్నానో వాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. కొట్టు నడిపిన ఇంటివాళ్లు వెనక నిలబడి ఉన్నారు. నా పేజీల్లో ఊరి పేరు లేదు, మనుషుల పేర్లు లేవు. వాళ్లకు ఇబ్బంది రాకూడదని తీసేశాను. మా మేడమ్ కూడా అదే పద్ధతి అన్నారు.

నేను ఆపగానే తాత లేచాడు. "అంతా బాగానే చదివావమ్మాయ్. ఒక పెద్దమనిషి అంటన్నావు, ఆ పెద్దమనిషికి పేరు లేదా? హనుమంతు గారికి బొమ్మ పెట్టారు, పేరు రాశారు. నాతో కూర్చున్న ముగ్గురూ పోయినారు. వాళ్ల పేర్లు నేను పోతే ఎవరికి తెలుస్తయ్?" అన్నాడు.

దానికి నేను జవాబు వెతుక్కునేలోపే పెద్దమ్మ కూర్చున్న చోటి నుంచే అంది: "నా పేరు మాత్రం రాయబాక. నా కొడుకు ఇంకా వాళ్ల పొలమే కౌలుకు చేస్తన్నాడు."

ఇద్దరిదీ న్యాయమే. ఒకాయనకు పేరు లేకపోవడం అన్యాయం, ఒకామెకు పేరు ఉండడం ప్రమాదం. ఎవరి పేరు రాయాలో పరిశోధన చేసినవాళ్లు ఒక్కరే తేల్చుకోవడం సరికాదని ఆ సభలో తెలిసింది. ఆ సాయంత్రం ఇంటింటికీ వెళ్లి ఒక్కొక్కరినీ అడిగాం. పోయిన ముగ్గురి పిల్లల్ని కూడా అడిగాం. ఇద్దరి ఇళ్లలో రాయమన్నారు, ఒక ఇంట్లో వద్దన్నారు. వద్దన్నవాళ్ల స్థానంలో, వాళ్ల కోరిక మీద పేరు వదిలేశాం అని రాశాను. ఊళ్లో ఉంచిన ప్రతిలో తాత పేరు ఉంది, ఆయన స్నేహితుల్లో ఇద్దరి పేర్లున్నాయి. పెద్దమ్మ పేరు లేదు. బయటికి వెళ్లే ప్రతిలో, ఈ ప్రసంగంలో, ఎవరి పేరూ ఊరి పేరూ లేవు. అదీ వాళ్లు చెప్పిన షరతే. తాత మాత్రం, రేడియోలో నా సంగతి చెబుతావు గదా, పేరు లేకపోయినా సాగర్ కట్టినోడని చెప్పు అన్నాడు. చెప్పాను.

వింటున్నవాళ్లలో కాలేజీ పిల్లలు ఉంటే ఒక పని అడుగుతాను. మీ ఇళ్లలో ట్రంకు పెట్టెల్లో పాత అర్జీల నకళ్లు, 1985 తర్వాత సభలకు అచ్చేసిన కరపత్రాలు, కోర్టు సమన్లు, సంఘం రసీదు పుస్తకాలు ఉండొచ్చు. చెదలు పట్టాయని పారెయ్యకండి. ముందు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ కాగితం ఎవరిది, ఏ ఊరిది, ఎవరు రాయించారు అన్నది ఇంట్లో పెద్దవాళ్లను అడిగి అప్పుడే రాయండి. టీ కొట్టు నడిపిన ఇళ్లవాళ్లయినా, టీ కొట్టు ముందు నిలబడిన ఇళ్లవాళ్లయినా. వాళ్ల పేరు రాయొచ్చా అని మాత్రం వాళ్లనే అడగండి. మీ కాలేజీ చరిత్ర విభాగంలో ఒక ప్రతి ఇస్తే దాన్ని జాగ్రత్త చేసేవాళ్లు ఉంటారు. గురజాల వైపు ఊళ్లలో నేను ఇంకా తిరుగుతూనే ఉన్నాను. ఇప్పుడు బావుల జాబితా రాస్తున్నాను. ఏ బావి ఎప్పుడు తవ్వారు, ఎవరు తోడుకున్నారు, ఎవరు దూరంగా నిలబడ్డారు, ఏ ఏడు పూడ్చేశారు అని.